చాయ్ రంగు నీళ్లు

నేను అడెపు రాజనర్సును. మా నాయన చంద్రమౌళి, ఇప్పుడు లేడు. నాకు నలభై ఎనిమిదేళ్లు. సిరిసిల్లలో వేముల జలపతి మరమగ్గాల ఖార్ఖానాలో పదకొండేళ్లుగా సాంచెల మీద గుడ్డ నేస్తున్నాను. బడి ఐదో తరగతితో ఆగింది. ఈ రోజు 2025 ఆగస్టు 19, మంగళవారం, ఉదయం పదిన్నరకు ఎవరూ పిలవకుండానే స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారి ముందు చెబుతున్నాను.

మా ఖార్ఖానాలో ఎనిమిది సాంచెలు. వాటి మీద పడే పీచును గాలితో ఊదడానికి చక్రాల మీద తోసుకుపోయే చిన్న కంప్రెసర్ ఉంది. జలపతి దాన్ని కోరుట్లలో ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నాడు. గాలి నింపినప్పుడల్లా ట్యాంకులో నీరు చేరుతుంది. వానాకాలం ఇంకా ఎక్కువ. అడుగున చిన్న నల్లా ఉంటుంది. పని అయ్యాక, లోపల కొంచెం గాలి ఉండగానే దాన్ని తిప్పితే నీరంతా పోతుంది. తీయకపోతే ట్యాంకు లోపలి నుంచి తుప్పు తింటుంది.

ఆ నల్లాను రోజూ నేనే తిప్పేవాడిని. ట్యాంకు బాగుండాలని కాదు. తిప్పగానే పాము బుసకొట్టినట్టు చప్పుడు వస్తుంది. ఎవరైనా వంగి పని చేస్తుంటే కంప్రెసర్‌ను వాళ్ల వెనక్కి తోసుకొచ్చి తిప్పేవాడిని. ఎగిరిపడేవాళ్లు. పీచు ఊదే రూతమ్మ మొదట్లో చీపురు విసిరేది. తర్వాత వెనక్కి చూడటం కూడా మానేసింది.

ఆ నీళ్లు నూనె, తుప్పు కలిసి అచ్చం చాయ్ రంగులో ఉంటాయి. మాడిన నూనె, మురుగు కలిసిన వాసన. మార్చిలో ఒక సాయంత్రం నాలుగు గంటలకు వాటిని చాయ్ గ్లాసులో పట్టి జలపతి ముందు పెట్టాను. ఫోన్ మాట్లాడుతూ ఒక గుక్క మింగాడు. నేసిన గుడ్డ తాను మీదనే కక్కాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు చెబుతుంటే నా మీద నాకే ఛీ అనిపిస్తోంది.

మరునాడు పొద్దున జలపతి ఆ నల్లా పీకేసి, తెల్ల టేపు చుట్టిన బోల్టు పెట్టి పానాతో బిగించాడు. "ఇగ సుయ్యి బంద్, చాయ్ బంద్. దీని జోలికి అచ్చినవంటే పనిలకెల్లి తీసేస్త" అన్నాడు. అప్పటి నుంచి ఐదు నెలలు ఆ ట్యాంకులో నీళ్లు ఎవరూ తీయలేదు.

జూలైలో తెల్ల గుడ్డ మీద గోధుమ రంగు మరకలు పడ్డాయి. గాలితో పాటు ఆ నీళ్లు చిమ్ముతున్నాయి. జలపతి ఆ గుడ్డను అందరి ముందు పట్టుకొని, నేనే గుట్కా ఉమ్మానని అన్నాడు. "అన్నా, గవి ట్యాంకుల నీళ్లు. బోల్టు ఇప్పితె ఒడుస్తది" అని చెప్పాను. మళ్లీ చాయ్ తాపుతావా అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకోసారి చెప్పలేదు.

నిన్న సోమవారం మధ్యాహ్నం మూడుంబావుకు పీచు ఊదడానికి సాంచెలు ఆపాము. రూతమ్మ మూడో సాంచె దగ్గర పైపు పట్టుకొని ఉంది. కంప్రెసర్ ఆమె వెనక రెండడుగుల దూరంలో ఉంది. నేను ఆరో సాంచె దగ్గర తెగిన పోగు ముడేస్తున్నాను. అప్పుడు బుస వినిపించింది.

రూతమ్మ తిరిగి చూడలేదు. "సాలు తియ్యి రాజనర్సు, ముసలోనివైతున్నవు" అంది.

నా రెండు చేతుల్లో పోగు ఉంది. "నేను కాదక్కా, ఉర్కు" అన్నాను.

ఆమె నవ్వింది. ట్యాంకు అడుగు చిరిగి, ఇనుప రేకు ఆమె కుడి మోకాలి కింద కొట్టింది. చాయ్ రంగు నీళ్లు, నెత్తురు కలిసి చీరంతా తడిసింది. ఇప్పుడు సర్కారు దవాఖానాలో ఉంది. కాలు ఉంటుందో తీస్తారో రెండు రోజులు చూడాలన్నారు.

సాయంత్రం ఐదింటికి జలపతి నన్ను పక్కకు పిలిచాడు. "గాలి ఎక్కువ వెట్టింది రూతమ్మనే అని చెప్పు. నాలుగు దినాలు జగిత్యాలల నీ బిడ్డ తాన ఉండి రా" అన్నాడు. రూతమ్మ గాలి పెంచలేదు. పైపు తప్ప ఆమె ఆ మిషన్‌లో ఏదీ ముట్టదు. ఇది తెలిసీ నేను తలూపాను. పగిలిన ట్యాంకును ట్రాలీ ఆటో ఎక్కించేటప్పుడు ఒక పక్క నేనే పట్టాను. అడుగు రేకు అప్పడంలా పలచబడింది. బోల్టు మాత్రం బిగించినట్టే ఉంది. మిగిలిన నీళ్లు నా చొక్కా మీద ఒలికాయి.

ఈ పొద్దున అదే చొక్కాతో జగిత్యాల బస్సెక్కాను. పక్కనున్న ఆమె ముక్కుకు కొంగు పెట్టుకొని లేచి వెనక సీటుకు పోయింది. నేనూ లేచి దిగి ఇక్కడికి వచ్చాను.

ట్యాంకు కోరుట్లలో, కొన్న దుకాణానికే పోయింది. ఈ రోజు సాయంత్రం తుక్కు కింద కోస్తారని ఆటోవాడు చెప్పాడు. కోయక ముందే పట్టుకోండి. తెల్ల టేపు బోల్టు దానికే ఉంది.

ఇది రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ కుమార్ గారికి నా సంగతి తెలుసు. "గిది గూడ నీ మజాకా కాదు గద" అని అడిగారు. చొక్కా విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చొక్కా మీ దగ్గరే ఉంచుకోండి.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నవ్వించడానికి చెప్పిన మాట ఒక్కటీ లేదు.

(సంతకం) అడెపు రాజనర్సు