ముక్కులో బరువు

కట్టిన బొమ్మ విమానాలూ, ఇంకా కట్టని విమానాల పెట్టెలూ కిక్కిరిసిన చిన్న గది. పొద్దున్న తొమ్మిదిన్నర. తాతయ్య పనిబల్ల కింద, నానమ్మ గుమ్మంలో.

“బిళ్ళ కనిపించట్లేదే.”

“పిల్ల కనిపించట్లేదా! అయ్యో, ఇందాకే కదండీ కోడలు ఎత్తుకెళ్ళింది... అమ్మాయ్! ఓ అమ్మాయ్! పిల్ల ఏదీ?”

“అరవకే తల్లీ! పిల్ల కాదు, బిళ్ళ. బ! బల్లకి బ!”

“ఆ బల్ల కింద దూరి గొణిగితే ఏ అక్షరమైనా ఒకేలా ఉంటుంది. గుండె జారి కాళ్ళలో పడింది నాకు. పిల్ల ఉందిగా?”

“పిల్ల ఉంది. పక్క గదిలో వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది. బిళ్ళే లేదు.”

“హమ్మయ్య.”

“హమ్మయ్య అనకు.”

“ఏం బిళ్ళండీ? నా బీపీ బిళ్ళా?”

“బ్యాటరీ బిళ్ళ. నా భూతద్దం లైటులోది. నిన్న సాయంత్రం కొత్తది వేసి, పాతది తీసి ఆ పళ్ళెంలో పడేశాను, రేసు విమానం ముక్కలతో పాటు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. తళతళా మెరుస్తుంది.”

“ఏ పళ్ళెం? ఈ స్టూలు మీదదా? దీని మీద ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని? నా మోకాలెత్తు కూడా లేదు!”

“బల్ల మీద చోటు లేక...”

“ఎందుకుంటుంది చోటు? ఎగరడం మానేసిన పాత విమానాలన్నీ వచ్చి మనింట్లోనే దిగాయి. గది విమానాశ్రయమైంది, మనుషులకే ఆశ్రయం లేదు.”

“పొద్దున్న పిల్ల ఇక్కడికొచ్చింది.”

“ఎప్పుడు?”

“ఎనిమిదికి. నేను రెక్క మీద నంబరు స్టిక్కరు అంటిస్తున్నాను. నీళ్ళలో నానబెట్టి జరపాలి, కాస్త కదిలినా చిరిగిపోతుంది. పిల్ల వచ్చి స్టూలు పట్టుకుని నిలబడింది. ‘తా, తా’ అంది. ‘తాతకి పనుందమ్మా, ఉండు’ అన్నాను.”

“అటు చూశారా?”

“నంబరు జరుగుతోంది...”

“చూశారా, లేదా?”

“లేదు.”

“ఎంతసేపు?”

“ఒక రెక్కంత సేపు.”

“ఏమండీ... పిల్లల డాక్టరు గోడ మీద ఆ బొమ్మ. గుండ్రటి బ్యాటరీ బొమ్మ. మింగితే రెండు గంటలు చాలు, గొంతు లోపల కాలిపోతుందని రాసుంది. నాకు చదివి వినిపించింది మీరే.”

“చదివాను కాబట్టే బల్ల కిందున్నాను.”

“లేవండి. కోడలికి చెబుదాం.”

“ఒక్క నిమిషం. ఆ అట్టపెట్టె ఎత్తు. కింద చూడు.”

“చక్రాలు రెండు. పంకా ఒకటి. ఇదేమిటి, మనిషి తల!”

“పైలటుది. ఇంకా?”

“ఇంకేం లేదు. చెబుదాం పదండి.”

“చెప్తే ఏమంటుందో తెలుసా? ఆ సామాను పైన పెట్టండి మామయ్యా అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి మామయ్యా అని కూడా అనలేదు. ఇంకోసారి కింద చూస్తే పిల్లని మీ దగ్గరకి పంపను అంది. అన్న మాట మీద నిలబడే మనిషి.”

“మీ భయం పిల్ల గొంతు గురించా, కోడలి గొంతు గురించా?”

“రెండూ. నా గొంతు అసలు పెగలట్లేదు.”

“ఇప్పుడు కూడా జోకులా!”

“జోకు కాదే. భయమేస్తే నా నోరు ఊరుకోదు, నీకు తెలుసుగా. ఆ తలుపు వెనక చూడు.”

“ఇక్కడా లేదు. పదండి.”

“ఆగు. ఆగు, ఆగు. ముక్కు!”

“ఏం ముక్కు?”

“ముక్కులో పెట్టేశాను!”

“పిల్ల ముక్కులోనా!”

“విమానం ముక్కులోనే! బరువు కోసం. ముక్కు లోపల ఏదో ఒక బరువు పెట్టి మూసేస్తాం. పాత బిళ్ళ బరువుగా ఉంది కదా అని అది పెట్టి, జిగురు వేసి అతికించేశాను. అంతే. అవును. అతికించేశాను.”

“నిజంగా?”

“నిజంగానే.”

“ఎప్పుడు?”

“నిన్న. నిన్ననే. వేలికి జిగురంటింది కూడా.”

“మీ వేలికి జిగురంటని రోజేది? ఇటు చూసి చెప్పండి.”

“పెట్టానంటున్నాగా! పెట్టాను, పెట్టాను, పెట్టాను.”

“అబ్బా... ప్రాణం లేచొచ్చింది. మిమ్మల్ని విమానంతో పాటు పెట్టెలో పెట్టి మూసెయ్యాలి.”

“అత్తయ్యా, ఏంటా కేకలు? పిల్ల పిల్ల అంటున్నారు. ఇది నా చంకలోనేగా ఉంది.”

“రామ్మా కోడలా రా, నువ్వూ నవ్వుకుందువుగాని. మీ మామయ్య బల్ల కిందనించి బిళ్ళ కనిపించట్లేదన్నారు. నాకేమో పిల్ల అని వినిపించింది.”

“ఏం బిళ్ళ?”

“బ్యాటరీ బిళ్ళ. పిల్ల మింగిందేమోనని ఇద్దరం చచ్చి బతికామనుకో. తీరా చూస్తే ఈయనే విమానం ముక్కులో పెట్టి అతికించి మర్చిపోయారు. పిల్ల నీ చంకలో, బిళ్ళ విమానం ముక్కులో!”

“అమ్మో, ఒక్క క్షణం నా ఊపిరాగిపోయింది. నిజమేనా మామయ్యా?”

“ఊఁ.”

“ఏ విమానం?”

“అదే... ఆ ఎర్రది.”

“ఈ రేసుదా? ఎంత ముద్దుగా ఉందో! ముక్కు పైకెత్తి, తోక నేలకానించి, అచ్చం మన పిల్ల కూర్చున్నట్టే కూర్చుంది. చూడవే బంగారం, తాతయ్య విమానం... ఇదిగో, మళ్ళీ ఏడుపు.”

“ఏమైందే దానికి?”

“పళ్ళొస్తున్నాయేమో అత్తయ్యా. చొంగ ఆగట్లేదు, మూడు గౌన్లు మార్చాను. పాలు పడితే మింగబోయి ఏడుస్తోంది.”

“పళ్ళేలే. వీళ్ళ నాన్నా అంతే, పన్నుకో పెడబొబ్బ.”

“ఎప్పట్నించమ్మా?”

“ఎనిమిదిన్నర నించి మామయ్యా. కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుంది.”

“పడుకోబెట్టకు.”

“ఏం?”

“పడుకోబెట్టకమ్మా. ఏమీ పట్టకు. ఇటివ్వు... వద్దు, నువ్వే ఎత్తుకో.”

“ఏమండీ, ఏమిటది? ముక్కులో పెట్టానన్నారుగా?”

“పెట్టాను. పోయిన నెల. ఇంకో పాత బిళ్ళ. అదిగో, ఆ పెద్ద ప్రయాణికుల విమానంలో. దానికి ముక్కు కింద చక్రం ఉంటుంది, లోపల బరువు లేకపోతే వెనక్కి పడిపోతుంది.”

“మరి ఈ ఎర్రది మామయ్యా?”

“తోక మీద కూర్చునే విమానానికి ముక్కులో బరువు ఎవరూ పెట్టరమ్మా. పిల్లని అత్తయ్యకిచ్చి కారు తియ్యి.”