రిజర్వులో వదిలేసిన బండి

నరీన్ కొండల కింద, ఇంటి వాకిట్లో, అన్నదమ్ములిద్దరూ పాత మోటార్‌సైకిల్ ట్యాంకు విప్పుతున్నారు. తమ్ముడు నోట్లో సిగరెట్‌తోనే ట్యాంకు కింద డబ్బా పట్టుకున్నాడు.

"సిగరెట్ అవతల పారేయ్. బ్యాటరీ వైరు తీశావా?"

"తీశానన్నా."

"ముందు పెట్రోలంతా డబ్బాలోకి దించాలి. ఒక్క చుక్క నేలమీద పడకూడదు. నాబ్ రిజర్వుకి తిప్పు, అడుగుదాకా దిగుతుంది. ఈ నాబే కదరా నా కొంప ముంచింది!"

"ఇప్పుడెందుకన్నా ఆ సంగతి?"

"అమ్మ చివరి ఘడియల్లో ఉందని కొండమీదికి కబురొస్తే, రిజర్వులోనే పెట్టుకుని బయల్దేరాను, మతిలేనివాణ్ణి. మెయిన్‌లో ఉంటే బండి ముందే ఓసారి ఆగి చెప్పేది; రిజర్వులో ఉండేసరికి పెట్రోలు అయిపోవస్తోందని తెలియనేలేదు. బండి కనుమ మీద ఆగిపోయింది. నడిచొచ్చేసరికి అమ్మని తెల్లబట్టలో చుట్టేశారు."

"అది నువ్వు తిప్పలేదన్నా."

"మరి దెయ్యం తిప్పిందా?"

"నేనే. ముందురోజు కొండమీదికొచ్చాను కదా? నువ్వు గొర్రెల దగ్గరుంటే, గుర్రాల పోటీ చూడ్డానికి నీ బండి వేసుకెళ్లాను. దారిలో ఆగిపోబోతే రిజర్వుకి తిప్పాను. మళ్లీ మార్చలేదు. పెట్రోలూ పోయించలేదు."

"మూడేళ్ల నుంచీ నన్ను నేనే తిట్టుకుంటుంటే, పక్కనే కూర్చుని విన్నావురా?"

"విన్నాను."

"అమ్మ నన్నడిగిందా?"

"నిన్ను దీవించాలని రెండు అరచేతులూ తెరిచి పట్టుకుంది. మధ్యాహ్నం దాకా దించలేదన్నా. ప్రాణం పోయాక నేనే ఆ చేతులు మూశాను."

డబ్బా నిండి పెట్రోలు నేలమీదికి పొర్లుతున్నా, ఇద్దరిలో ఎవరూ నాబ్ తిప్పి ఆపలేదు.