డిక్రూజుతో రెండో పోటీ

“నాను పెద్ద వస్తాదునని సెప్పుకోడం నాకిష్టం నేదు బాబూ. ఏదో కలకత్తాలో ఒక్క మనిసిని ఒక్క గుద్దు గుద్దినాను. అంతే.”

గంగులు ఇలా మొదలుపెట్టాడంటే ఆ పూట ఎవరి పనీ తెమలదని మా రాజాంలో అందరికీ తెలుసు. తవిటమ్మ టీ దుకాణం ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లమంతా గ్లాసులు ఇంకోసారి నింపించుకున్నాం.

అయితే ఆ మధ్యాహ్నం వట్టి కాలక్షేపం కాదు. పోయినేడు అమ్మవారి సంబరంలో బొబ్బిలి తాలింఖానా వాళ్లు మా కుర్రాళ్లను కుస్తీలో మట్టి కరిపించి పోయారు. ఈ ఏడు మళ్లీ పోటీ. మా పాత వస్తాదేమో కాలు విరిగి మంచాన పడ్డాడు. ఎవరి సత్తా ఏమిటో విని, కొత్త వస్తాదు ఎవరో ఆ పూటే తేల్చేస్తానని మా తాలింఖానా పెద్ద నరసింగరావు గారు వచ్చి కూర్చున్నారు. వెండి పొన్ను వేసిన వస్తాదు కర్ర ఆయన ఒళ్లోనే ఉంది. అది పట్టుకున్నవాడు ఊరేగింపులో అందరికన్నా ముందు నడుస్తాడు. దాన్ని కోరేవాళ్లు ఇద్దరు. ఒకడు కూర్మయ్య. ధాన్యం బస్తాలు మోస్తాడు, నోరు తెరిచి రెండు మాటలు చెప్పమంటే చెమటలు పోసుకుంటాడు. రెండోవాడు గంగులు. ఆరేళ్లు కలకత్తా గోనెమిల్లులో పనిచేసి, పోయినేడే పెళ్లాం దానమ్మతో సహా ఊరు చేరాడు. చేరిన దగ్గర్నుంచీ ఆ కర్ర మీదే కన్ను.

“ఎవర్నిరా గుద్దినావు?” అన్నారు నరసింగరావు గారు.

“డిక్రూజుని బాబూ. తూరుపు దేశాలన్నిటికీ బాక్సింగు సాంపియను. మా మిల్లు పక్కనే ఆళ్ల హాలు. నానక్కడ కుర్సీలు సర్దతన్నాను. డిక్రూజు ఒక్కడూ నిలబడి గాలిని గుద్దుకుంటన్నాడు, పాపం, ఎదర మనిసి నేడు. నన్ను సూసి రారమ్మన్నాడు. సేతులకి గ్లౌజులు తొడిగినాడు. గ్లౌజులంటే మరేటి కాదు, సేతికి తొడుక్కునే పరుపులు. ఊరికే నిలబడితే బాగోదని మొగమాటానికి ఇలగ ఒకటి తగిలించినాను. ఆ తరవాత ఏటైనాదో తెలుసా?”

“పడిపోనాడు,” అన్నాడు ధాన్యం దళారీ జగన్నాధం.

“పడిపోతే బాగున్ను. నిలుసున్నపళంగా నిద్దరోయినాడు. మూడు దినాలు! ఈగలు వాల్తన్నాయని ఆ హాలోళ్లు నిలువునా దోమతెర కట్టినారు. మూడోనాడు లేసి, ‘నాను సూడకుండా కొట్టినావు, ఇది సెల్లదు, మళ్లీ పోటీకి రా, నా సాంపియను బెల్టు పణం ఎడతన్నాను’ అని పేపర్లో ఏయించీసినాడు. నాను ఒల్లనన్నాను. ఎవుడు ఇంటాడు? కలకత్తా అంతా నా ఇంటి ముందరే.”

“ఇల్లేది, మిల్లు గది కదా మీది?” అంది తవిటమ్మ, పాలు కాస్తూ. ఆమె వాడికి అక్క వరస.

“గదికీ ముందర అంటూ ఉంటాది కదప్పా! సరే, ఒప్పుకున్నాను. కసరత్తు మొదలెట్టినాను. కలకత్తా కూడు తింటే గుద్దు రాదు బాబూ. చీపురుపల్లిలో హౌరా మెయిలు ఎక్కించి అంబలికి చోళ్లు తెప్పించినాది మా దానమ్మ. పొద్దున్నొక కుండ అంబలి, మద్దేనం ఒక కుండ, మాపటేల ఒక కుండ. కుండ దించీసి, మిల్లులో గోనె బేళ్లున్నాయి కదా, ఆటిని గుద్దీవోణ్ణి. నా గుద్దుకి గోనె కాస్తా మళ్లీ జనుమైపోయీది. మేనేజరు వొచ్చి ఒకటే ఏడుపు. ఏటి సేస్తాడు? ఆ జనుముకి ఆకులు కూడా వొచ్చీసినాయి.”

బల్ల మీద నవ్వులు మొదలయ్యాయి. నరసింగరావు గారు మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి శ్రద్ధగా వింటున్నారు. అది చూసి గంగులు ఇంకో మెట్టు ఎక్కాడు.

“పోటీ దినం వొచ్చినాది. లచ్చమంది జనం. హౌరా వంతెన మీద ట్రాములు ఆపీసి, డ్రైవర్లు కూడా వొచ్చీసినారు. గంట కొట్టినారు. మొదటి రౌండులో నానేటీ సెయ్యలేదు. ఎడంసెయ్యి అలగ ఊపినాను, అంతే, ఆ గాలికి రిఫరీ సొక్కా బొత్తాలు ఊడిపోనాయి. రెండో రౌండులో గెడ్డం కింద ఒకటి ఎత్తినాను. డిక్రూజు పైకెల్లిపోనాడు. పైనున్న రేకులు సించుకుని మరీ ఎల్లిపోనాడు. ఇప్పుడు రిఫరీ పది లెక్కెట్టాల. లెక్కెట్టడానికి మనిసి కింద పడుండాల, అది రూలు. మనిసేడీ? రిఫరీ స్టూలేసుకుని కూకున్నాడు. జనం టీలు తాగొచ్చినారు. నాను గేలరీలోకెల్లి మా దానమ్మతో ఊసులాడి వొచ్చినాను. ఐదో రౌండుకి దిగినాడు డిక్రూజు. మీసాల మీద మంచు!”

“మంచేటిరా?” అన్నారు నరసింగరావు గారు.

“అంత పైన సలెయ్యదేటి బాబూ?”

ఆయన తల ఊపారు. కూర్మయ్య తన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కర్ర చేజారిపోతోందని అతనికీ తెలిసినట్టే ఉంది.

“ఇకన ఏడో రౌండు. నా కుడి గ్లౌజు తాళ్లు తెగిపోనాయి. సెయ్యి ఇసురుకి గ్లౌజు కిటికీలోంచి ఎగిరి, గంగ దాటీసి, సముద్రం మీద పడి కొట్టుకొచ్చి కొట్టుకొచ్చి మన భావనపాడు వలకి సిక్కినాది. నిండా రొయ్యలు!”

“మా మేనత్తది భావనపాడే. కనుక్కుంటాను,” అన్నాడు జగన్నాధం.

“కనుక్కో బావా! రొయ్యలు ఆళ్లు కూరొండుకుని తినీసినారు. గ్లౌజులో ఇప్పుడు పిల్లి పిల్లలెట్టినాది. ఆటిని కదపొద్దని సెప్పు. సరే, పదమూడో రౌండు. ఇక్కడ నాను అబద్దమాడను. డిక్రూజు కూడా మొగాడే. ఒక్కటి పీకినాడు ఇదిగో, ఈ కణత మీద. నా ఒళ్లు కింద, నాను పైన. ఆ తరవాత ఏటైనాదో తెలుసా? తిన్నగా యముడి గుమ్మం కాడ తేలినాను. బయట దున్నపోతు కట్టీసున్నాది. గడ్డి నెమరేస్తన్నాది. యముడు ‘ఎవుడ్రా’ అన్నాడు. ‘రాజాం గంగుల్ని బాబూ’ అన్నాను. ‘ఓరి, డిక్రూజుని నిలబెట్టి నిద్దరపుచ్చినోడివా!’ అని లేసి పీటేసినాడు. కూకున్నాను. కిందని రిఫరీ లెక్క ఇనిపిస్తన్నాది. ఆరు… ఏడు… ఎనిమిది… కిందకి దారి తెలీదు. బెల్టు పోనాది, పేనం పోనాది అనుకున్నాను. అప్పుడు బాబూ, ఆ లచ్చమందిలోంచి మా దానమ్మ గేలరీ మీద లేసి నిలబడి, రెండు సేతులూ ఎత్తీసి, ‘గంగులూ! లెగు గంగులూ!’ అని ఒక్క కేక ఏసినాది సూడండి! ఆ పేరు ఇన్నానంతే. తొమ్మిదీ ముప్పావుకి లేసి నిలబడి, ఆ డిక్రూజుని…”

“ఆగరా,” అంది తవిటమ్మ.

ఆమె పాలగిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

“గ్లౌజు భావనపాడు ఎల్లినాదన్నావు, నమ్మినాను. గోనెకి ఆకులొచ్చినాయన్నావు, నమ్మినాను. యముడు పీటేసినాడన్నావు, అదీ నమ్మినాను. దానమ్మ మొగుడ్ని పేరెట్టి పిలిసినాదంటే మాత్రం నానొల్ల. మొన్న ఓటర్ల లిస్టోడు వొచ్చి మొగుడి పేరేటంటే, నోరిప్పకుండా మా గుమ్మం కాడకి పరిగెట్టుకొచ్చి నాసేత సెప్పించినాది!”

అందరూ బల్లలన్నీ కదిలిపోయేలా నవ్వారు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు. ఎత్తితే అతని ఆయుష్షు తరిగిపోతుందని గట్టి నమ్మకం.

“అది కలకత్తా అప్పా! అక్కడ పద్ధతులు వేరే!” అన్నాడు గంగులు. గొంతు కొంచెం తగ్గింది.

“వేరేనో కాదో ఆవిడే చెబుతుంది,” అన్నారు నరసింగరావు గారు.

అప్పుడు చూశాం. దుకాణం పక్కన ఆపిన ధాన్యం బండి వెనక, నెత్తిన కూరల తట్టతో దానమ్మ నిలబడి ఉంది. సంత నుంచి ఇంటికి పోతూ ఎప్పుడు ఆగిందో, ఎంత విన్నదో తెలియదు.

“అమ్మా దానమ్మా,” అని నరసింగరావు గారు కర్ర పైకెత్తి చూపించారు. “ఆ పేరు ఒక్కసారి ఇక్కడ పలుకు. ఈ కర్ర నీ మొగుడిదే. నా మాట.”

గంగులుకి ఆ కర్ర మీద ఎంత ఆశో ఆమెకు తెలియనిది కాదు. పొద్దున్నే వాడు వాకిట్లో చీపురుకర్ర ఎత్తి పట్టుకుని ఊరేగింపు నడక నడుస్తుంటే ఆమె లోపలినుంచి చూసి ముసిముసిగా నవ్వుకునేదని తవిటమ్మే మాకు చెప్పింది. దానమ్మ తట్ట దించింది. కొంగు సర్దుకుంది. మొగుడి వంక ఒకసారి చూసి, కళ్లు మూసుకుని, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, నోరు తెరిచింది.

“గం…”

“ఒసే ఒసే ఒసే! వొద్దే!”

గంగులు బల్ల మీదనుంచి ఒక్క దూకు దూకాడు. రెండు గ్లాసులు పగిలాయి, జగన్నాధం పంచె మీద టీ ఒలికింది. పోయి రెండు చేతులతో పెళ్లాం నోరు మూసేశాడు.

“నీకు దండమెడతానే! పలక్కే! కర్రా వొద్దు, గిర్రా వొద్దు, నాను బతకాలే!”

నరసింగరావు గారు నవ్వలేక కళ్లు తుడుచుకున్నారు. ఆ తడికళ్లతోనే కర్ర తీసి కూర్మయ్య చేతిలో పెట్టారు. కూర్మయ్య దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, “అలగే బాబూ,” అన్నాడు. ఆ మధ్యాహ్నం అతను మాట్లాడింది అంతే. గంగులు వాడిపోతాడనుకున్నాం గానీ, పెళ్లాం నోటి మీంచి చెయ్యి తియ్యకుండానే అందరితో పాటు పగలబడి నవ్వుతున్నాడు. వాడి కోసం ఆమె అంత పని చెయ్యబోయిందని వాడికి సంబరంగా ఉన్నట్టుంది. నాకైతే వాడి మీద ఎన్నడూ లేనంత ఇష్టం కలిగింది.

దానమ్మ ఆ చేతులు మెల్లిగా విడదీసుకుని, తట్ట నెత్తికెత్తుకుంది.

“ఏటి మావా, అంత బయమేటి?” అంది. “యముడు నీకు ఎరిగినోడే కదా!”