కోలా కాయలు పుచ్చుకున్నాక

బమాకో బజారులో ఆ దర్జీ ఆవిడ, భర్త మోలోబాలి పోయాక మొదటిసారి కొట్టు తెరిచి మిషను మీది దుమ్ము తుడుస్తోంది. మోలోబాలి దగ్గర పని నేర్చుకున్న, కోర్టు నోటీసులు అందించే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“రావయ్యా, బొబ్బర్లు మెక్కే వంశమా! అక్కడే ఆగావేం? మన రెండు వంశాల పాత పరాచికానికి బదులైనా చెప్పవా?”

“ఇవాళ వద్దు వదినా. కొట్టు ఖాళీ చెయ్యమని నోటీసు తెచ్చాను. లీజు పొడిగించమని గడువుకి మూడు నెలల ముందే అడగాలి. నువ్వు అడగలేదట.”

“అడక్కపోవడమేంటి? మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు మైలలో గడప దాటకూడదు కదా! అందుకే పెద్దమనుషుల చేత కొట్టు యజమానికి కోలా కాయలు పంపాను. పుచ్చుకున్నాడు. పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే కదా?”

“మనకి ఒప్పుకున్నట్టే. చట్టానికి కాదు. కాయితం రాసి నాలాంటివాడి చేత పంపాలి.”

“ఎక్కడిదయ్యా ఆ చట్టం?”

“ఆఫ్రికాలో పదిహేడు దేశాల వర్తకులకి ఒకటే చట్టం, వదినా. మోలోబాలి అన్న ఈ బజారంతా తిరిగి కొట్టు కొట్టుకీ చెప్పింది అదే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందీ అదే.”

“ఊరందరికీ చెప్పినవాడు నాకెందుకు చెప్పలేదు?”

“తనుంటాడుగా, తనే రాసిస్తాననుకున్నాడు.”

“పదిహేడు దేశాల్లో మొగుడు పోయిన ఆడది ఒక్కతీ లేదా, ఆ మైల రోజులు వదిలేసి గడువు లెక్కపెట్టడానికి?”

అతను నోటీసు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

“ఏడవకు. ఇలా ఇవ్వు. మీ అన్న నీకు పని బాగానే నేర్పాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు.”