నాలుగో కాలు

ఒరిస్సా వేరే రాష్ట్రమైన మరుసటేడు. రంగమని పిలుచుకునే రంగూను నుంచి తెచ్చుకున్న, ఇనుము కోసే, కాలితో తొక్కే చిన్న లేతు యంత్రాన్ని సూరన్న గోపాలపూర్‌లో తన ఇంట్లోనే బిగించి నాలుగు రోజులైంది. తెల్లవారింది. ఇంట్లో అతను, పెళ్లాం గౌరి.

“మళ్ళీ దిగిపోనాదే గౌరీ. ఇలా రా, సూడు.”

“ఇనప సామాను. నాకేటి తెలుస్తాది మావా?”

“తిరగలి తిప్పినదానివి, ఇది తెలీదేటి? ఈ రసమట్టం సూడు. నిన్న బుడగ నడిమిన ఉన్నాది. ఇప్పుడు ఓ పక్కకి ఎల్లిపోనాది. మూడు కాళ్ళు కదల్నేదు. ఈ మూలనున్న నాలుగోదే కిందకి పోతాది.”

“మట్టి నేల గందా. దిగుతాది.”

“ఇల్లంతా మట్టి నేలే. ఈ మూలే దిగడమేటి?”

“ఇంకో మూల పెట్టుకో. నాను మొదట్నుంచీ సెప్తన్నాను.”

“ఎలుతురు ఈ కిటికీ కాడే ఉన్నాది. సీకట్లో ఇనుము కోస్తే నా ఏలు కోసుకుంటాను. ఇదిగో, ఇప్పుడే కోసిన కడ్డీ. ఈ కొస సరిగ్గా ఉన్నాది, ఆ కొస కాయితం మందమంత ఎక్కువ లావు. మజ్జానం వైకుంఠరావు బాబు వస్తారు, బరంపురం మిల్లు నుంచి.”

“వస్తే?”

“వస్తే ఏటే! తన కళ్ళముందర ఇరుసు ఒకటి కోసి సూపమన్నారు. సరిగ్గా వచ్చిందా, మిల్లు పనంతా మనదే. మొదటి పనే వంకరొచ్చిందా...”

“వస్తే?”

“మళ్ళీ ఓడే. మళ్ళీ రంగమే.”

“ఆ మాట అనకు మావా. నీ కాళ్ళట్టుకుంటాను.”

“అననులే. ఆ గునపం ఇలా అందుకో.”

“గునపమెందుకు?”

“మోకాటి లోతు తవ్వి బండరాయి ఏస్తాను. గంట పని.”

“ఒద్దు.”

“ఏటొద్దు?”

“ఇయ్యాల మంగళారం. నేల తవ్వకూడదు.”

“మంగళారం నిన్నే పోనాది.”

“అయితే అత్త సికిటి ఊర్నుంచి రానీ. మీయమ్మనడిగి తవ్వు.”

“నా ఇంట్లో గొయ్యి తవ్వడానికి మాయమ్మనడగాలా? ఏటే, ఆ సెమటలేటి?”

“పొయ్యి కాణ్ణించి వచ్చాను.”

“పొయ్యి ఇంకా ఎలిగించనే నేదు. అమ్మా నువ్వూ ఏటైనా దాసినారా? బంగారమా?”

“మనకి బంగారమేటి మావా!”

“మరి ఏటున్నాదే? నిన్న తొక్కుతుంటే కింద టప్పుమన్నాది. కుండ పగిలినట్టు. అప్పుడే అనుకున్నాను, లోపల బోలుగున్నాదని.”

“పగిలిందా?”

“అలా నేల తడుముతావేటి?”

“పగిలిందా మావా? నిజంగా?”

“ఏం కుండ గౌరీ?”

“నువ్వక్కడ కాలు బిగిస్తంటే నిజం సెప్పనానికి నోరు రానేదు. నా గుండెల మీద బిగించినట్టే ఉన్నాది.”

“ఏం కుండ?”

“నువ్వు రంగంలో ఉన్నప్పుడు... మూడో నెల్లో నా కడుపు పోయిందని ఉత్తరం రాయించినారు గందా.”

“ఆ. ఆ కాయితం ఇంకా నా పెట్టెలోనే ఉన్నాది.”

“అది మీయమ్మ రాయించింది. నిజం తెలిస్తే పని ఒదిలీసి వచ్చీస్తావని.”

“నిజమేటి?”

“కుండలో పెట్టి ఇంట్లోనే ఉంచుకుంటే మళ్ళీ నా కడుపునే పుడతాదన్నాది. పేరెత్తితే రాదన్నాది. మూడేళ్ళయింది మావా, పేరెత్తనేదు. నీకు సెప్పనేదు. సాపేసుకుని ఆ మూలే పడుకున్నాను.”

“ఎవుర్ని పెట్టినారే? సెప్పు!”

“గునపం అవతల పారీ మావా. సేతుల్తో తియ్యి, మెల్లిగా. కాసమ్మ... నీ కూతురు ఇరవై రోజులు బతికింది.”