పెట్రోల్‌దా, బ్యాటరీదా

కామాటిపుర పదకొండో గల్లీ, రెండో అంతస్తులో ఒక్క గది ఇల్లు. వేసవి, శనివారం పొద్దున. రత్నాబాయి జుట్టు విప్పుకొని గూట్లోని సీసా అందుకుంది.

"మల్లొక్కసారి అడుగుతున్న. ఈ సీసాల కొబ్బరినూనె ఎటు పాయె?"

"నన్నడుగుతవేందే? తల నీది, సీసా నీది."

"తల నాదే. వాసన మాత్రం నీ కుడి రెక్క కాడ వస్తున్నది."

"జెర్రంత రుద్దుకున్న."

"జెర్రంతనా? సీసా అడుగు కనవడుతున్నది. ఎద్దుకు రుద్దినా ఇంత పట్టదు. రెక్కకేమైంది?"

"ఏం కాలే."

"ఏం కాని రెక్కకు నూనె ఎందుకు?"

"అమ్మా, నీ కోడలికి చెప్పు. పొద్దుపొద్దున నూనె పంచాయితీ ఏంది?"

"నన్ను నడుమ గుంజకు శివా. నాకింక చాయే రాలే."

"వస్తది అత్తా. ముందు నీ కొడుకు నోట్ల నుంచి మాట రానియ్యి. నిన్న మలబార్ హిల్ బంగ్లల ఆ గడ్డి కోసే కొత్త మిషన్ తాడు గుంజింది నువ్వేనా?"

"నేనే. సాయెబు గుంజుమన్నడు, గుంజిన."

"అయితే షురూ అయిందా?"

"అయితది. కొత్తది కదా, జెర బిగుసుకున్నది."

"నేను ఎనక దిక్కు గడ్డిల కూసొని అంత విన్న. డ్రైవర్ నవ్వుడు విన్న, వాచ్‌మన్ నవ్వుడు విన్న, ఆఖరికి మేమ్‌సాబ్ కుక్క మొరుగుడు గూడ విన్న. మిషన్ సప్పుడు ఒక్కటే వినరాలే."

"అది విలాయతి మిషన్. పెట్రోల్‌ది. చల్లగుంటే జల్ది అందుకోదట."

"ఎండకాలం బొంబాయిల దానికి చలి పెట్టిందా? శాలువ కప్పకపోయినవ్."

"నవ్వు, నవ్వు. నీకేం ఎరుక? ఫోర్ట్ బజార్ల దుకాణపాయన రెండు మిషన్లు పంపిండు. తాడు గుంజి నడిపే పెట్రోల్‌దొకటి, బొత్తం ఒత్తి నడిపే బ్యాటరీదొకటి. రెండు చూసి ఒకటి ఉంచుకోవాలె, ఒకటి వాపస్ ఇయ్యాలె. 'శివరాం, లాన్ సంగతి నీకే తెలుసు, ఏది మంచిదో నువ్వే చెప్పు' అన్నడు సాయెబు. అంత పెద్ద కంపెనీ సాయెబు! డ్రైవర్‌ను అడగలే, నన్నడిగిండు."

"లాన్ సంగతి నీకు తెలుసా? ఎన్నడు కోసినవ్ నువ్వు?"

"నేను మాలీని."

"గులాబీలకు నీళ్లు పట్టెటోనివి. కారు వస్తే పైపు ఆడనే పారేసి, గేటు కాడికి ఉరికి సలాం కొట్టెటోనివి. పెండ్లైన కాడి నుంచి కొడవలి పట్టుకొని ఆ మైదానం మీద బాతు లెక్క జరుగుతున్నది ఎవరు?"

"నువ్వే. కాదన్ననా? అందుకే నిన్నడుగుతున్న. ఏది చెప్పమంటవ్?"

"అబ్బ! సాయెబు నిన్నడుగుడు, నువ్వు నన్నడుగుడు. మరి ఆ సలాం గూడ నన్నే కొట్టుమను."

"మాపు జవాబు చెప్పాలె రత్నా. జల్ది చెప్పు, బస్సు పోతది."

"ఆగు, జడ ఏసుకొని వస్త. బస్సుల చెప్త."

"నువ్వు... ఇయ్యాల నువ్వు రాకు."

"ఎందుకు?"

"ఊకెనే. ఇంట్ల ఉండు. అమ్మకు కాళ్లు గుంజుతున్నయట."

"నా కాళ్లకేమైందిరా? మంచిగనే ఉన్నయి."

"నువ్వు ఊకో అమ్మా!"

"నన్నెందుకు రావొద్దంటున్నవ్?"

"సాయెబే అన్నడు. ఇయ్యాల మిషన్ నడిపి చూస్తరు, కొడవలి పని లేదని."

"ఇయ్యాల లేదా, ఇగ ఎన్నడు లేదా?"

"బస్సు పోతది."

"పోనియ్యి. ఇయ్యాల లేదా, ఎన్నడు లేదా?"

"మిషన్ వచ్చినంక మొగడు పెండ్లాల జోడీ ఎందుకన్నడు. ఒక్కరు చాలన్నడు."

"ఒక్కరు."

"ఆ. ఒక్కరే."

"ఈ మాట ఎప్పుడన్నడు?"

"నిన్న. నిన్ననో, మొన్ననో."

"నిన్ననో మొన్ననో! కడుపుల పెట్టుకొని, నా పక్కల పండి, నా నూనె రుద్దుకొని, ఇప్పుడు నా గొంతు కోసెతందుకు కత్తి ఏది మంచిదని నన్నే అడుగుతున్నవా? పెట్రోల్ కత్తా, బ్యాటరీ కత్తా?"

"గట్ల కాదే..."

"ఎట్ల మరి? ఉండేదెవరు, పోయేదెవరు? చెప్పి వచ్చినవా?"

"ఇంక చెప్పలే. ఆ మాట గూడ మాపే చెప్పాలె."

"చెప్పుడేముంది? సలాం ఉంటది, బాతు పోతది."

"పొద్దున్నే ఈ లొల్లి నాకొద్దు. మిషన్ సంగతి చెప్పు, పోత. నీకు తెలిసినంత నాకు తెల్వదు."

"చెప్పాల్నా?"

"చెప్పు."

"పెట్రోల్‌ది."

"నిజంగనా?"

"మరి! బ్యాటరీది పోరగాండ్ల ఆట సామాను. సప్పుడు లేదు, పొగ లేదు. అదొక మిషనేనా? మగోడు నడిపితే మలబార్ హిల్ అంత దద్దరిల్లాలె. పెట్రోల్‌దే చెప్పు. ఏక్‌దమ్ పక్కా."

"తాడు మస్తు గట్టిగున్నదే."

"అలవాటైతది. నూనె ఇంకింత ఉన్నది, రుద్దుకో."

శివరాం మెట్లు దిగిపోయాడు. రత్నాబాయి అత్తకు చాయ్ పోసి, విప్పిన జుట్టుతోనే గడప మీద కూర్చుంది.

"బిడ్డా, ఒకటడుగుత, నిజం చెప్పు. ఏ మిషన్ మంచిది?"

"బ్యాటరీది అత్తా. కండ్లు మూసుకొని చెప్పొచ్చు."

"మరి పెట్రోల్‌దంటివి?"

"అన్న."

"ఎందుకన్నవే?"

"మైదానమెంతున్నది? మన గల్లీల సగం గూడ లేదు. రాత్రి కరెంటు పెట్టి ఇడిస్తే, పొద్దున అంత కోసినా బ్యాటరీ ఇంక మిగులుతది. సముద్రం దిక్కు ఎంత ఏటవాలో నువ్వు చూడలే. పెట్రోల్‌ది గాడ్దె అంత బరువు. కిందికెల్లి మీదికి నూకితే నడుము ఇరుగుతది. పొగ సక్కగ మొఖానికి కొడ్తది. మేమ్‌సాబ్ పగటీలి పండుకుంటది, సప్పుడైతే కిటికీల నుంచి ఇంగ్లీషుల తిడ్తది. ఇవన్ని నీ కొడుకుకు చెప్పాల్నా?"

"చెప్పకపోయినవ్ మరి."

"గుంజనియ్యి. రోజు పొద్దున డ్రైవర్ ముందట, వాచ్‌మన్ ముందట, రెక్క ఊడిందాక గుంజనియ్యి. అప్పుడు నా కొడవలి యాదికొస్తది."

"మొగని మీద గింత కచ్చ పెట్టుకుంటరా పిల్లా?"

"నన్ను గడ్డి లెక్క కోసి గోడ అవతల పారేసినంక ఇంకెంత పెట్టుకోవాలె?"

"మా కాలంల గిట్లనే ఉండె. జోడీ అంటే మొగని పేరే పిలుస్తుండె కూలీలను పెట్టే ముకద్దం. ఆడది ఎనక తట్ట పట్టుకొని పోతుండె. మీ మామ జరమొచ్చి పడుకుంటే నేను మంచిగున్నా నాకు పని లేకుండె. ఎవలన్న అడిగిన్రా, రాజవ్వా, నీకు చేతులున్నయా అని?"

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. కోపంతోని ఏం వండుకుంటం?"

"నేను ఇయ్యాల పెట్రోల్‌తోని వండిన చూడు."

"వంకర మాటలు బాగ నేర్చినవ్. ఇంకో బంగ్ల చూసుకోరాదు?"

"యాడున్నది అత్తా? మిల్లులు బంద్ పడ్డ కాడి నుంచి మొగోళ్లకే పని లేదు. నన్నొక్కదాన్ని ఎవరు పిలుస్తరు? ఇగ ఈడనే కూసోవాలె. ఆ మైదానం మీద కూసుంటే నా నెత్తి మీద ఆకాశం ఉంటది. ఈడ కూసుంటే మీదింటోళ్ల మురికి మోరి ఉంటది."

"ఈ మాట వానికి చెప్పకపోయినవ్?"

"చెప్తే ఏం చేస్తడు? దానిక్కూడ సలాం కొడ్తడు."

రాత్రి అన్నాలు. ముగ్గురూ కింద కూర్చున్నారు. జొన్నరొట్టె, ఎండు బొంబిల్ చేపల పులుసు.

"పులుసుల ఉప్పెక్కువైంది."

"తిను. రెక్కకు బలమొస్తది."

"అమ్మా, ఇను. నువ్వు గూడ ఇను రత్నా. సాయెబుకు చెప్పి వచ్చిన."

"ఏ మిషన్ చెప్పినవ్?"

"పెట్రోల్‌ది."

"శబాష్! అత్తా, నీ కొడుకుకు ఇంకో రొట్టె ఎయ్యి. సోమారం సంది తాడు గుంజాలె."

"బ్యాటరీది వాపస్ పోయింది. దుకాణపోళ్ల టెంపో వచ్చి తీస్కపోయింది."

"పోనియ్యి. ఆట సామాను."

"సాయెబు శాన మాటలడిగిండు. వానకాలం గడ్డి ఎంత ఎత్తు ఉంచాలె, మామిడి చెట్టు కింద ఎందుకు పసుపు పడుతది, ఏటవాలు మీద కిందికెల్లి కోస్తవా, మీదికెల్లి కోస్తవా అని."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? నిలవడి తల గోక్కున్న."

"గంతేనా? సలాం కొట్టలేదా?"

"కొట్టిన. కొట్టి చెప్పిన. సాబ్, ఇవన్ని నాకు తెల్వదు, గడ్డి కోసేది మా ఆడది అన్న. నేను వట్టిగ నీళ్లు పడ్త అన్న."

"నిజం చెప్పినవా? నువ్వా?"

"ఒక్కరే ఉండాలంటే ఆమెనే ఉంచుకోండి అన్న."

"ఏమన్నవ్?"

"ఇనవడ్డది కదా. మల్ల ఎందుకడుగుతవ్?"

"శివా, కొడుకా, మరి నువ్వు?"

"సోమారం సంది నాగ్‌పాడ నాకా మీద కూలికి నిలబడ్త అమ్మా. బుచ్చన్న మేస్త్రీకి చెప్పిన, ఇటుకల పని ఉన్నదట."

"ఆ రెక్కతోని ఇటుకలు మోస్తవా?"

"మోస్త. ఇటుకకు తాడుండదు కదా."

"ఆగు. ఆగు. బంగ్లల నేనొక్కదాన్నే అంటే... మరి ఆ మిషన్?"

"ఇంకెవరు? నువ్వే నడుపుతవ్."

"అత్తా, నువ్వు నవ్వకు! ఏందయ్యా, పొద్దున ఈ మాట నాకు చెప్పాల్నా వద్దా? బ్యాటరీది ఉంచుమనకపోయినవ్!"

"సాయెబు గూడ అదే అడిగిండు. ఆడమనిషికి పెట్రోల్‌ది బరువైతది, బ్యాటరీది ఉంచుదమా అన్నడు. నేనే వద్దన్న. ఇది ఆమె నోటి మాట సాబ్, గడ్డి సంగతిల ఆమె మాట ఎన్నడు తప్పు పోలే అన్న."