నోరు కట్టేసిన వాల్వ్

...ఇంత సాగదీస్తున్నానని ఏమనుకోకురా అల్లుడూ, ఇప్పటికే మూడు వాయిస్‌లు పంపాను, అసలు సంగతికి ఇంకా రానే లేదు. నువ్వడిగిందేమిటి, వచ్చే ఆదివారం సంఘంలో నిన్ను ప్రార్థన చెయ్యమన్నారు, అందరూ మెచ్చుకునేలా పెద్దది ఒకటి రాసిపెట్టు అత్తా అన్నావు. తాతయ్యవి గుర్తున్నాయా అన్నావు. గుర్తున్నాయి. అదే భయం.

మీ తాతయ్య ఆసుపత్రి బట్టలుతికే చోట బాయిలర్ చూసేవాడు కదా. గోడకి ఇటు బాయిలర్, అటు మీ నానమ్మతో కలిపి పదిమంది ఆడవాళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుండేవాళ్ళు. ఆదివారం కూడా పనే, రోగాలకి సెలవుంటుందా మరి. ఆయనకి పొద్దున్నే బాయిలర్ ముందు నిలబడి అరగంట ప్రార్థించే అలవాటు. అబ్బో, ఏం మాటలు! అవతలి గదిలో ఆడవాళ్ళు ఇస్త్రీ ఆపి వినేవాళ్ళు, వింటున్నారని ఆయనకీ తెలుసు. ఆ మధ్యలో సేఫ్టీ వాల్వ్ బుస్సుమనేది. ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకుని బయటికి వదులుతుంది చూడు, అది. సరిగ్గా 'పరలోకమందున్న' అనేసరికి బుస్స్. ఒక శనివారం ఆయనకి ఒళ్ళు మండి, వాల్వ్ కడ్డీని తీగతో బిగించి కట్టేశాడు. బొగ్గు వేసే ముసలాయన ఉండేవాడులే, బొగ్గులాయన అనేవాళ్ళం, ఆయన నసిగాడట, "మేస్త్రీ, దాని నోరు కట్టకండి." "నేనుండగా అదెందుకయ్యా అరవడం? ఒత్తిడి చూపించే ముల్లు నేను చూస్తాగా" అన్నాడు మీ తాతయ్య.

మర్నాడు బొగ్గులాయన్ని అక్కడ పెట్టి, రోడ్డుకి అవతలే ఉన్న మన సంఘం గుడికి వెళ్ళాడు. ప్రార్థనకి లేచాడు. పావుగంట గడిచింది. ఏదో వెలితిగా ఉందట. ప్రతి ఆదివారం ఆయన ప్రార్థన సగంలో ఉండగా కిటికీలోంచి ఆ బుస్స్ వినపడేది, విసుక్కునేవాడు. ఆరోజు రాలేదు. అప్పుడు వెలిగింది. బొగ్గులాయనకి చూపు ఆనదు. ముల్లు కనపడదు. ఆయన ఎప్పుడూ చెవితోనే పని చేసేవాడు, బుస్సుమంటే బొగ్గు ఆపేవాడు. ఇప్పుడు బుస్సుమనదు. అంటే వేస్తూనే ఉంటాడు. గోడకి అవతల మీ నానమ్మ.

ఆమెన్ కూడా అనకుండా, చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. వెళ్ళేసరికి ముల్లు ఎర్రగీత దాటేసింది, బాయిలర్ రేకులు సన్నగా మూలుగుతున్నాయి, బొగ్గులాయన పార చేత్తో ఇంకా బొగ్గు వేస్తున్నాడు. జేబులో పటకారు ఉంది. తీగ తెంపేస్తే ఎవరికీ తెలియదు అనిపించిందట, అబద్ధం చెప్పలేదు, తనే నాతో ఒప్పుకున్నాడు. కానీ అంత ఒత్తిడి మీద ఒక్కసారిగా తెరిస్తే బాయిలరే పేలిపోవచ్చని ఆయనకి తెలుసు. గోడకున్న కిటికీలోంచి అవతలి ఆడవాళ్ళకి కేకేశాడు, "అందరూ బయటికి పోండి, వాల్వ్ నేనే కట్టేశాను, నేనే." తర్వాత ఇద్దరూ నిప్పు మీద తడి బూడిద కప్పుతూనే ఉన్నారు. ముల్లు కదలదు. ఎంతసేపటికో వెంట్రుకంత దిగింది. తాతయ్య ఆ బూడిదలోనే చతికిలబడ్డాడు. బొగ్గులాయన, సాయంత్రం ప్రార్థనలకి వచ్చినా గుళ్ళో వెనక బల్ల దాటి ఎవరూ ఎప్పుడూ ముందుకి పిలవని మనిషి, బూడిద చెయ్యి తాతయ్య తల మీద పెట్టి, "ప్రభువా, మేస్త్రీని చూసుకో" అన్నాడు. అంతే ప్రార్థన.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే బొగ్గులాయనే వాల్వ్ కడ్డీ ఎత్తాలి, అది బుస్సుమనాలి, అప్పుడే తాతయ్య నోరు తెరిచేవాడు. తెరిచినా ఒకటే మాట, "ప్రభువా, నాకు వినపడనిది వినిపించు." గుళ్ళోనూ అంతే. కొందరు నవ్వారు, మేస్త్రీలో ఆవిరి అయిపోయింది అని. నవ్వనిచ్చాడు. చనిపోయే ముందు కూడా నా చెయ్యి పట్టుకుని, ఆ నిశ్శబ్దం ఇంకా వినపడుతోందే అమ్మా అన్నాడు. కాబట్టి నీకు నేను రాసివ్వగలిగింది... ఉండు, మా అమ్మాయి పిలుస్తోంది. ఏంటే? ఏంటీ, కుక్కర్ పెట్టి అరగంటైనా విజిల్ రాలేదా? దాని దగ్గరికి వెళ్ళకు, ఆగు, మూత ముట్టుకోకు, వస్తున్నా, నేనే పెట్టాను, నేనే—